మోరేస్ అంటే నీతులా, కట్టుబాట్లా?

సందేహం: డిగ్రీ విద్యార్థులకు సమాజశాస్త్రం బోధిస్తున్నాను. సమాజం తప్పకూడదని నమ్మే ఆచారాలను తెలిపే ‘మోరేస్’ అనే పారిభాషిక పదాన్ని నేను చూసిన తెలుగు నోట్సుల్లో ఒకచోట ‘నీతులు’ అనీ, ఒకచోట ‘నైతిక నియమాలు’ అనీ, ఇంకొకచోట తెనిగించకుండా ‘మోర్స్’ అనీ రాశారు. ఆ మాటకు లాటిన్‌లో ‘ఆచారం’ అని అర్థమని విన్నాను. అది నిజమైతే అదే మూలం నుంచి వచ్చిన ‘మోరల్’ను మనం ‘నైతిక’ అనడం కూడా పొరపాటేనా? ‘మోరేస్‌లు’ అని బహువచనం చేయవచ్చా?

సమాధానం: ‘మోరల్’ అనే విశేషణానికి ‘నైతిక’ అనడంలో తప్పేమీ లేదు. ‘మోరేస్’కు ‘నీతులు’ అనడం మాత్రం పొసగదు. రెండూ ఒకే మాట నుంచి పుట్టినవే అయినా, మొదటిది ఒక తత్త్వవేత్త అవసరం కొద్దీ కల్పించిన పదం; రెండవది రోమనుల నిత్యవ్యవహారంలో, చట్టసభల్లో, నాటకాల్లో నలిగిన వాడుక మాట. ఈ తేడా తెలిస్తే తెలుగులో ఏది ఎక్కడ వాడాలో సులభంగానే తేలుతుంది.

ముందు రూపం సంగతి. లాటిన్‌లో ప్రథమా ఏకవచనం ‘మోస్’, షష్ఠి ‘మోరిస్’, ప్రథమా బహువచనం ‘మోరేస్’. ఏకవచనంలోని సకారం మిగిలిన రూపాల్లో రేఫ (రకారం) కావడానికి కారణం, రెండు అచ్చుల నడుమ ఉన్న సకారం ప్రాచీన లాటిన్‌లో రేఫగా మారడమే. పాపిరియుస్ అనే వంశనామాన్ని పూర్వం పాపిసియుస్ అనేవారని రోమను వక్త, తత్త్వవేత్త సిసెరో ఒక లేఖలో రాసిన మాట ఈ మార్పుకు సాక్ష్యం. మనకు బాగా అలవాటైన జస్టిస్, జ్యూరీ అనే మాటల్లోనూ ఇదే కనిపిస్తుంది. రెండింటికీ మూలం ‘యూస్’, షష్ఠిలో ‘యూరిస్’. సకారం నిలిచిన రూపం నుంచి ఒకటి, రేఫ వచ్చిన రూపం నుంచి మరొకటి పుట్టాయి. సంస్కృతంలో ఆయుస్సు, ఆయుర్వేదం, ధనుస్సు, ధనుర్మాసం అనే జంటల్లో కూడా సకారం రేఫ అవుతుంది. అక్కడ సంధి నియమాలు వేరు. కానీ సకారం రేఫవైపు జారడం తెలుగు చదువరికి కొత్తగా తోచనక్కరలేదు.

‘మోస్’లోని ఓకారం దీర్ఘం. ఈ విషయాన్ని ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. హ్రస్వంతో ‘మొర’ అంటే లాటిన్‌లో ఆలస్యం. బ్యాంకు వాయిదాల విషయంలో మనం వినే మారటోరియం ఆ కుటుంబానిది. ‘మొర్స్’ అంటే మరణం. మన ‘మృతి’కి అది జ్ఞాతి. కాబట్టి సమాజశాస్త్ర పదాన్ని ‘మోర్స్’ అని రాస్తే, లాటిన్ తెలిసినవారికి మరణం, తెలియనివారికి తంతి సంకేతాల మోర్స్ కోడ్ గుర్తుకు వస్తాయి. లాటిన్ ఉచ్చారణను బట్టి ‘మోరేస్’ అని రాయడమే మంచిది.

ఇక అర్థం. ‘మోస్’ అనే మాటకు ఒక అర్థం పూర్తిగా వ్యక్తికి సంబంధించినది. ఒక మనిషి ఇష్టం, పట్టు, తీరు, స్వభావం అని అప్పుడు దాని భావం. ‘మోరెమ్ గెరెరె’ అనే నుడికారానికి ఎదుటివారి మనసెరిగి నడుచుకోవడం అని అర్థం. భర్త మనసెరిగి మసలుకొనే ఇల్లాలిని ‘మోరిగెర’ అని మెచ్చుకొనేవారు. తన తీరు తనదే తప్ప ఎవరితోనూ సర్దుకోలేక ఎప్పుడూ చిరచిరలాడే మనిషిని ‘మోరోసుస్’ అనేవారు. ముభావాన్ని తెలిపే ఇంగ్లీషు ‘మొరోస్’ అందులోంచి వచ్చింది. క్రీ.పూ. 161లో ప్రదర్శితమైన ఒక నాటకంలో తెరెన్స్ ఒక పాత్ర చేత ‘ఎందరు మనుషులో అన్ని అభిప్రాయాలు, ఎవరి మోస్ వారిది’ అనిపించాడు. ‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’ అని మనం అనే సందర్భమే అది. అక్కడ ‘ఎవరి నీతి వారిది’ అని తెనిగిస్తే అర్థం పూర్తిగా చెడిపోతుంది.

రెండవ అర్థం సమాజానికి చెందినది. ‘మోస్ మాయోరుమ్’ అంటే పెద్దల నాటి నుంచి వస్తున్న పద్ధతి. రోమను రాజ్యంలో పరిపాలన, పూజ, కుటుంబంలో తండ్రి అధికారం, ఎన్నికైనవారి నడవడి వంటి అనేక విషయాలు రాతలో ఉన్న శాసనాల కంటే ఎక్కువగా ఈ పద్ధతి మీదనే నడిచేవి. ‘ప్రాచీనమైన మోరేస్ మీద, తన మనుషుల మీద రోము నిలిచి ఉంది’ అని రోమను కవి ఎన్నియుస్ తన కావ్యంలో చెప్పుకొన్నాడు. జనాభా లెక్కలు చూసే సెన్సర్ అనే అధికారులకు పౌరుల నడవడిని పర్యవేక్షించే బాధ్యత కూడా ఉండేది. నడత తప్పాడనుకొన్నవాడి పేరు పక్కన గుర్తు పెట్టి, సభ్యుడైతే సెనేట్ నుంచి కూడా తొలగించేవారు. దానికి చట్టం ఉల్లంఘించి ఉండాలన్న నియమం లేదు, మోస్ తప్పితే చాలు.

క్రీ.పూ. 92లో ఇద్దరు సెన్సర్లు లాటిన్ భాషలో వక్తృత్వం నేర్పే కొత్త పాఠశాలలను తప్పుపడుతూ ఒక ప్రకటన చేశారు. మన పూర్వుల వాడుకకూ, వారి మోస్‌కూ భిన్నంగా జరిగేవి మాకు నచ్చవు, సరైనవిగానూ తోచవు అని అందులోని మాట. ఈ వాక్యం మన ప్రశ్నకు చాలా విలువైనది. పూర్వం నుంచి లేదు అనేది ఒక విషయం, సరికాదు అనేది మరొక విషయం; ఆ అధికారుల మనసులో రెండూ ఒకటే. ఆచారాన్ని తెలిపే మాట మంచిచెడ్డలను తెలిపే మాటగా మారే మలుపు సరిగ్గా ఇక్కడ కనిపిస్తుంది. తరువాతి నిఘంటుకర్త ఫెస్తుస్ ‘మోస్’ను పూర్వుల నుంచి సంక్రమించిన ఏర్పాటుగా, ముఖ్యంగా దేవతాకార్యాలకు చెందిన జ్ఞాపకంగా నిర్వచించాడు. ఏడవ శతాబ్దపు సెవిల్ పండితుడు ఇసిడోర్ దాన్ని కాలం పరీక్షించి ఒప్పుకొన్న వాడుక, రాయని చట్టం అన్నాడు. ఈ రెండు నిర్వచనాల్లోనూ ‘నీతి’ అనదగిన బోధ ఏదీ లేదని గమనించండి.

బహువచనంలో ‘మోరేస్’ అన్నప్పుడు పద్ధతులతో పాటు మనుషుల నడతలు, గుణాలు అనే అర్థం కూడా బలపడింది. క్రీ.పూ. 63లో రాజ్యం మీద కుట్ర పన్నిన కతిలినా మీద చేసిన మొదటి ప్రసంగంలో సిసెరో ‘ఓ తెంపొర, ఓ మోరేస్’ అని వాపోయాడు. ‘ఏం కాలం వచ్చింది, మనుషుల నడతలు ఏమైపోయాయి’ అని దాని తాత్పర్యం.

ఇప్పుడు ‘మోరల్’ విషయం. గ్రీకులు తత్త్వశాస్త్రంలో ఒక శాఖను ‘ఏథికే’ అనేవారు. దాన్ని లాటిన్‌లో ఏమనాలన్న చిక్కు సిసెరోకు ఎదురైంది. క్రీ.పూ. 44లో విధిని గురించి ఆయన రాసిన ‘దే ఫాతో’ గ్రంథం మొదలు శిథిలమై, నేడు మనకు దొరికే తొలి వాక్యమే ఈ ప్రస్తావనతో ఆరంభమవుతుంది. గ్రీకులు ‘ఏథొస్’ అనేది మన ‘మోరేస్’కు సంబంధించినది కనుక, ఆ శాఖను ‘మోరేస్‌ను గురించినది’ అంటూ వచ్చాము, అయితే లాటిన్ భాషను సంపన్నం చేయదలచినవాడు దానికి ‘మోరాలిస్’ అని పేరు పెట్టడం తగును అని అక్కడ ఆయన రాశాడు. ఒక భాషలో ఒక పదాన్ని ఎవరు, ఏ అవసరానికి, ఏ మాటకు సమానంగా కల్పించారో ఇంత స్పష్టంగా కర్త నోటనే వినగలగడం అరుదు. తెలుగులో శాస్త్రపదాలు కల్పించే ప్రతివారూ ఈ వాక్యాన్ని ఒకసారి చదువుకోవాలని నా కోరిక. వాడుకలో ఉన్న నామవాచకాన్ని తీసుకొని, తన భాషలోని తద్ధిత ప్రత్యయం చేర్చి ఆయన కొత్త విశేషణం చేశాడు. ‘నీతి’ నుంచి మనం ‘నైతిక’ను, ‘లోకం’ నుంచి ‘లౌకిక’ను, ‘వేదం’ నుంచి ‘వైదిక’ను చేసుకొన్న పద్ధతి కూడా అదే.

గ్రీకులోనూ ఈ మాట కథ అలవాటుతోనే మొదలవుతుంది. అక్కడ రెండు దగ్గరి మాటలున్నాయి. ‘ఎథొస్’ అంటే అలవాటు, ‘ఏథొస్’ అంటే స్వభావం, నడత. మొదటి అచ్చు హ్రస్వమైతే ఒక అర్థం, దీర్ఘమైతే మరొక అర్థం. ఎకారానికి హ్రస్వదీర్ఘాలు రెండూ ఉన్న మన లిపిలో ఈ భేదాన్ని అక్షరాల్లోనే చూపించగలగడం మనకు కలిసివచ్చిన సౌకర్యం. నడతకు సంబంధించిన సద్గుణం అలవాటు వల్ల వస్తుందనీ, దాని పేరు కూడా అలవాటు అనే మాటను కొంచెం మార్చితే వచ్చిందనీ అరిస్టాటిల్ వివరించాడు. మొదటి శతాబ్దపు చివర క్వింతిలియన్ అనే వక్తృత్వాచార్యుడు ‘ఏథొస్’కు లాటిన్‌లో సరైన మాట లేదనీ, ‘మోరేస్’ అని సరిపెట్టుకొంటున్నామనీ రాశాడు. సిసెరో కల్పించిన ‘మోరాలిస్’ మాత్రం అప్పటికే స్థిరపడింది. రోమను తత్త్వవేత్త సెనెకా తత్త్వశాస్త్రాన్ని విభజిస్తూ అందులో ఒక భాగానికి ఆ పేరే పెట్టాడు. బైబిల్‌కు వ్యాఖ్యానం చేసే క్రైస్తవ పండితులు కథార్థానికి పైన, మనిషి నడతకు పనికివచ్చే అర్థాన్ని వేరుగా చెప్పడం మొదలుపెట్టాక, కథ చివర చెప్పే ‘మోరల్’ అనే అర్థానికి దారి ఏర్పడింది. మనం దాన్ని ‘కథలో నీతి’ అంటున్నాం, అది చక్కగా అతికింది.

ఎందుకు అతికిందంటే, ‘నీతి’ అనే మాట స్వభావమే దారి చూపించడం. ‘ణీఞ్ ప్రాపణే’ అనే ధాతువుకు తీసుకుపోవడం, నడిపించడం అని అర్థం. నేత, నాయకుడు, నయం, వినయం అన్నీ దాని నుంచి వచ్చినవే. నీతి అంటే నడిపించేది. అందుకే సంస్కృతంలో దానికి రాజ్యం నడిపే ఉపాయం అనే అర్థం ప్రధానంగా ఉంది. రాజనీతి, దండనీతి అనే మాటల్లో అదే ఉన్నది. మడికి సింగన ‘సకలనీతిసమ్మతము’లో రాజు ఏలుబడికి సంబంధించిన పద్యాలు అంతగా ఉండటానికి కారణం అదే. హిందీలో నేటికీ ‘విదేశ్ నీతి’ అంటే మనం ‘విదేశాంగ విధానం’ అంటాం. నీతి ఆయోగ్ పేరులోని ‘నీతి’ని కూడా ఒక హిందీ పాఠకుడు విధానం అనే అర్థంలోనే వింటాడు. తెలుగులో ఆ మాట క్రమంగా మనిషి నడతకు సంబంధించిన బోధగా కుదురుకొంది. అయినా అందులో ఎవరో చెప్పడం, ఎవరో వినడం అనే భావం పోలేదు. ‘నీతులు చెప్పకు’ అంటాం. ‘ఆచారాలు చెప్పకు’ అనం. ‘మోరేస్’ ఎవరూ చెప్పేవి కావు, అందరూ నడిచేవి. అందువల్లనే ఆ పదానికి ‘నీతులు’ అనడం పొసగదన్నాను.

మన శాస్త్రాల్లో లాటిన్ ‘మోస్’కు మిక్కిలి దగ్గరగా వచ్చే మాటలు శీలం, ఆచారం. అమరకోశం ‘శీలం స్వభావే సద్వృత్తే’ అంటుంది. స్వభావం ఒకటి, మంచి నడత ఒకటి; లాటిన్ మాటలోని రెండు అంచులూ ఇందులో ఉన్నాయి. తెలుగు వాడుకలో ‘శీలం’ స్త్రీపురుష సంబంధాల విషయానికే కుంచించుకుపోయింది కనుక ఇప్పుడు శాస్త్రపదంగా పనికిరాదు, అది మనకు నష్టమే. పాణిని సూత్రమొకటి, తచ్ఛీలం, తద్ధర్మం, తత్సాధుకారిత్వం అనే మూడు అర్థాల్లో ధాతువులకు కొన్ని ప్రత్యయాలను విధిస్తుంది. పాణిని సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశికావృత్తి దాన్ని ఎంతో సూక్ష్మంగా వివరించింది. ఫలం ఆశించకుండా స్వభావసిద్ధంగా ఒక పని చేసేవాడు తచ్ఛీలుడు. ఆ స్వభావం లేకపోయినా ఇది మా ఆచారం అనుకొని చేసేవాడు తద్ధర్ముడు. ఆ పనిని బాగా చేసేవాడు తత్సాధుకారి. రెండవదానికి ఇచ్చిన ఉదాహరణ, పెళ్ళయిన వధువుకు శ్రావిష్ఠాయనులు శిరోముండనం చేయిస్తారు అన్నది. ఆ వంశంలో పుట్టినవాడికి అది ఇష్టమా కాదా అన్న ప్రశ్న లేదు, వంశంలో ఉన్నాడు కనుక చేస్తాడు. లాటిన్‌లో ‘ఎవరి మోస్ వారిది’ అన్నప్పటి అర్థం తచ్ఛీలానిది, ‘మోస్ మాయోరుమ్’ అన్నప్పటి అర్థం తద్ధర్మానిది. మన వైయాకరణులు వేరుచేసి చూపిన రెండింటినీ రోమనులు ఒకే మాటతో చెప్పుకొన్నారు.

‘మోరేస్’ను సమాజశాస్త్ర పదంగా ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం గ్రాహం సమ్నర్. 1906లో వెలువడిన ‘ఫోక్‌వేస్’లో ఆయన జనరీతులను పరిశీలించి, ఏ రీతుల్లో ‘ఇదే సరైనది, సమాజానికి ఇదే మేలు’ అనే భావన చేరుతుందో వాటికి వేరే పేరు కావాలనుకొని, ఇంగ్లీషు మాటల కంటే లాటిన్ ‘మోరేస్’ మేలని తీసుకొన్నాడు. సెన్సర్ల ప్రకటనలో చూసిన కలయికే ఇక్కడ శాస్త్రనిర్వచనం అయింది.

తెలుగుపల్లెల్లో ఈ తేడాకు సిద్ధంగా మాటలున్నాయి. బంతి భోజనంలో పక్కవాళ్ళు ఇంకా తింటుండగానే ఒకడు విస్తరి ముందు నుంచి లేచాడనుకోండి, ‘పద్ధతి తెలియదా’ అని పెద్దవాళ్ళు విసుక్కుంటారు, అంతటితో అయిపోతుంది. అది ఆనవాయితీ, వాడుక. అదే మనిషి సగోత్రంలో పెళ్ళి చేసుకొంటానంటే మాట అంతటితో ఆగదు. బంధువులు రాకపోకలు మానుకోవడం నుంచి, పూర్వకాలంలోనైతే వెలివేయడం దాకా వెళ్ళేది. దాన్ని మనం ‘కట్టుబాటు’ అంటాం. తప్పితే దండన ఉండటం, ఆ దండనను చట్టం కాక జనమే విధించడం, అందరూ దాన్ని న్యాయమనే నమ్మడం, ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. కట్టుబాటు మంచిదే కానక్కరలేదు. మనుషులను ఊరి చివరకు నెట్టిన కట్టుబాట్లు ఎన్నో ఉన్నాయి, వాటిని ఎదిరించినవారే నీతిమంతులైన సందర్భాలూ ఉన్నాయి. ‘మోరేస్’ను ‘నీతులు’ అని తెనిగిస్తే ఈ వాక్యాన్ని రాయడానికే వీలుండదు. నా దృష్టిలో అన్నిటికంటే బలమైన కారణం ఇదే.

కట్టుబాటు ప్రాంతాన్ని బట్టి ఎలా మారుతుందో చూపడానికి తరగతిలో పెళ్ళిసంబంధాలనే ఉదాహరణగా తీసుకోవచ్చు. మేనత్త కూతురిని, మేనమామ కూతురిని పెళ్ళాడటం దక్షిణాది ఆచారమని బౌధాయన ధర్మసూత్రం పేర్కొంది. ఉత్తరాది ఆచారాలను కూడా చెప్పి, ఒక ప్రాంతపు ఆచారాన్ని మరొక ప్రాంతంలో పాటిస్తే దోషమనీ, ఎక్కడిది అక్కడ ప్రమాణమనీ అంది. వెంటనే, ఆ మాట సరికాదన్న ధర్మసూత్రకారుడు గౌతముడి అభిప్రాయాన్ని కూడా ఉదాహరించింది. ఆచారమే ప్రమాణమా, కాదా అన్న తగవు అంత పాతది. 1955 నాటి హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ళ పిల్లల మధ్య, మేనమామ, మేనకోడళ్ళ మధ్య వివాహాన్ని నిషిద్ధ బంధుత్వాల్లో చేర్చి, ఇరుపక్షాల ఆచారం ఒప్పుకొంటే తప్ప అని మినహాయింపు ఇచ్చింది. తెలుగువారి మేనరికాలు ఆ మినహాయింపు మీదనే చెల్లుతున్నాయి. ఇసిడోర్ చెప్పిన ‘రాయని చట్టం’ ఇక్కడ రాసిన చట్టం లోపలే చోటు సంపాదించుకొంది.

రోములో ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ ఉంది. క్రీ.శ. 49లో క్లాడియస్ చక్రవర్తి తన అన్న కూతురు అగ్రిప్పినాను పెళ్ళి చేసుకోదలిచాడు. మోస్ దానికి ఒప్పుకోదు. అప్పుడు సెనేట్‌లో వితెల్లియుస్ అనే అనుచరుడు లేచి, ఇది మనకు కొత్త అయినా ఇతర జాతుల్లో ఉన్నదేననీ, మోస్‌ను ప్రయోజనాన్ని బట్టి సర్దుకోవచ్చుననీ వాదించినట్లు తాసితుస్ తన చరిత్రలో రాశాడు. సెనేట్ అనుమతించింది. ఆ తరువాతి ధర్మశాస్త్రకారుడు గాయుస్, సోదరుడి కూతురిని పెళ్ళాడవచ్చు, సోదరి కూతురిని పెళ్ళాడరాదు అని స్పష్టంగా రాశాడు. తెలుగువారిలో అక్క కూతురిని చేసుకోవడం ఉన్నది, అన్న కూతురంటే సొంత కూతురితో సమానం. ఇద్దరూ తమదే సహజమనుకొంటారు. ‘మోరేస్’ అనే పదానికి సమ్నర్ ఇచ్చిన అర్థాన్ని విద్యార్థులకు ఇంతకంటే దగ్గరగా చూపించే ఉదాహరణ నాకు తోచడం లేదు.

కాబట్టి ‘మోరల్’కు విశేషణంగా ‘నైతిక’, నామంగా ‘నైతికత’ ఉంచండి. ‘నైతిక నియమాలు’ అనే మాటను, మంచిచెడ్డలను తర్కించి ఏర్పరచుకొన్న సూత్రాలకు, ఉదాహరణకు వైద్యులు, న్యాయవాదులు తమ వృత్తికి రాసుకొన్న నియమాలకు వాడుకోవచ్చు. ‘ఇమ్మోరల్’ అన్నచోట ‘అవినీతి’ అని రాయకండి. తెలుగులో ఆ మాట లంచగొండితనానికి స్థిరపడిపోయింది కనుక ‘అనైతికం’ అనాలి. సమ్నర్ చెప్పిన ‘ఫోక్‌వేస్’కు ‘జనరీతులు’ గాని, ‘ఆనవాయితీలు’ గాని సరిపోతాయి. ‘మోరేస్’కు ‘కట్టుబాట్లు’. ‘ఆచారాలు’ అనడం తప్పు కాదు, కానీ కస్టమ్ అనే మరొక పారిభాషిక పదానికి అది కావలసి ఉంటుంది.

‘మోరేస్‌లు’ అన్న బహువచనం విషయంలో పట్టుదల అక్కరలేదు. అజెండా కూడా లాటిన్‌లో బహువచనమే, మనం అజెండాలు అంటున్నాం. అన్యభాషా పదానికి తెలుగు ప్రత్యయం చేరడం మన భాషా ధర్మం. అయితే ‘మోస్’ అనే ఏకవచనం తెలుగులో ఎవరూ వాడరు కాబట్టి ‘మోరేస్’ను సమూహవాచకంగా అలాగే ఉంచి, క్రియను బహువచనంలో పెట్టడం చెవికి హాయిగా ఉంటుంది: ‘మోరేస్ ప్రాంతాన్ని బట్టి మారుతాయి’. పాఠంలో తొలిసారి వచ్చినప్పుడు ‘కట్టుబాట్లు’ అని రాసి పక్కన ‘మోరేస్’ అని చూపితే చాలు, ఆ తరువాత పాఠమంతా ‘కట్టుబాట్లు’ అనే మాటతోనే నడపవచ్చు.